గుడ్డులో పిల్ల ఎప్పుడు మొదలైంది?

పోయిన వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మా అమ్మ ఉంటున్న పల్లెకు వెళ్ళాం. పెరట్లో గంప కింద ఒక నాటుకోడి పొదుగులో ఉంది. అమ్మ దాని కింద పదకొండు గుడ్లు పెట్టింది. మా చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. ‘‘లోపల ఏం జరుగుతోంది దాదీ?’’ అని రోజూ అడగడం, ‘‘ఇరవై ఒక్క రోజులు ఆగు, అదే చెబుతుంది’’ అని అమ్మ అనడం మామూలైపోయింది. వాడు ఆగలేదు. ఐదో రోజు కోడి మేతకు దిగినప్పుడు ఒక గుడ్డు తీసి పళ్ళెంలో పగలగొట్టాడు.

పచ్చసొన మీద సాలెగూడులా ఎర్రటి నరాలు అల్లుకుని ఉన్నాయి. నడుమ వేలిగోరంత లేని ఒక ఆకారం. దానికి పెద్ద నల్లని కన్ను. ఆ పక్కనే ఒక ఎర్రని చుక్క కొట్టుకుంటోంది. మేమంతా చుట్టూ చేరి చూస్తుండగానే ఆ కొట్టుకోవడం మందగించి ఆగిపోయింది. వాడు ఆ పూట అన్నం తినలేదు. రాత్రి నా పక్కన పడుకుని అడిగాడు: ‘‘అబ్బా, నేను గుడ్డు పగలగొట్టానా, కోడిపిల్లను చంపానా?’’ నేను ఆలోచిస్తుండగానే ఇంకో ప్రశ్న వేశాడు. ‘‘మరి పొద్దున దాదీ అట్టు వేసింది కూడా ఈ కోడి గుడ్డే కదా?’’

పిల్లల ప్రశ్నలను నవ్వి తీసివేయడం మనకు అలవాటు. ఈ ప్రశ్నను అలా తీసివేయలేకపోయాను. కారణం ఏమంటే, ఆ తర్వాత నెల తిరగకుండానే దాదాపు ఇదే ప్రశ్నను ఒక పెద్దమనిషి నోట విన్నాను. ఆయన మసీదులో పరిచయస్తుడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. భార్య మూడోసారి గర్భవతి. ఏదో స్కానింగ్ కేంద్రంలో డబ్బు తీసుకుని, మళ్ళీ ఆడపిల్లే అని చెవిలో చెప్పారట. ‘‘మాస్టర్ సాబ్, వంద రోజులే అయింది. నూట ఇరవై రోజులు నిండలేదు. రూహ్ ఊదబడలేదు కనుక ఇబ్బంది లేదు కదా?’’ అన్నాడు. ఆయన అడుగుతున్నట్టు లేదు. లెక్క వేసుకుని వచ్చి నా చేత సంతకం పెట్టించుకోవాలని చూస్తున్నట్టుంది.

ముందు గుడ్డు సంగతి చూద్దాం.

మనలో చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. కోడి గుడ్డు పెట్టేనాటికే అందులోని పిండానికి ఒక రోజు వయసు ఉంటుంది. పచ్చసొన అండాశయం నుండి జారిన కొద్ది నిమిషాల్లోనే, ఇంకా తెల్లసొన గానీ పెంకు గానీ ఏర్పడక ముందే, పుంజు బీజంతో కలుస్తుంది. ఆ తర్వాత తెల్లసొన చుట్టుకుని, పొరలు ఏర్పడి, పెంకు గట్టిపడి బయటికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఈలోగా ఆ ఒక్క కణం రెండై, నాలుగై, ఎనిమిదై వేలాది కణాలుగా విడిపోతుంది. పచ్చసొన పైన కనిపించే చిన్న తెల్లని బిళ్ళ అదే. పిల్ల అంతా తయారయ్యేది ఆ బిళ్ళలోనే. పచ్చసొన దానికి ఆహారం మాత్రమే.

గుడ్డు బయట పడి చల్లబడగానే ఆ పని ఆగిపోతుంది. చచ్చిపోదు, ఆగిపోతుంది. కోడి రోజుకొకటి చొప్పున పెట్టుకుంటూ పోయి, అన్నీ అయ్యాక పొదుగుకు కూర్చుంటుంది. ఆ వెచ్చదనం తగలగానే పది రోజుల నాటి గుడ్డూ నిన్నటి గుడ్డూ ఒకేసారి మళ్ళీ మొదలవుతాయి. అందుకే పిల్లలన్నీ ఇంచుమించు ఒకే రోజు బయటికి వస్తాయి. ఈ ఏర్పాటు కోడి ఆలోచించి చేసుకున్నదా? దానికి లెక్కలు రావు.

బజారులో దొరికే ఫారం గుడ్ల సంగతి వేరు. అక్కడ పెట్టలతో పుంజులు ఉండవు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, కానీ అందులో పిండం ఉండదు. ఎన్నాళ్ళు పొదిగించినా అది మురుగుతుందే గానీ పిల్ల కాదు. ఇలాంటి గుడ్డులో ఒక్కోసారి రక్తపు చుక్క కనిపిస్తే ‘పిల్ల చచ్చింది’ అని మన ఇళ్ళలో ఆడవాళ్ళు కంగారుపడతారు. అది పిల్ల కాదు. గుడ్డు తయారవుతున్నప్పుడు కోడి లోపల చిన్న రక్తనాళం చిట్లితే పడే మచ్చ. రక్తం విషయంలో ధర్మాదేశం ఏమిటన్నది ఉలమాను అడగవలసిన వేరే సంగతి.

పొదుగు మొదలయ్యాక జరిగేది చూస్తే మనిషికి నోట మాట రాదు. మొదటి రోజు గడవకుండానే ఆ తెల్లని బిళ్ళ నడుమ ఒక గీత ఏర్పడుతుంది. తల ఎటు, తోక ఎటు, కుడి ఏది, ఎడమ ఏది అన్నది ఆ గీతతో తేలుతుంది. పైనున్న కణాలు ఆ గీత వెంబడి లోపలికి దిగి, మూడు పొరలుగా సర్దుకుంటాయి. పై పొర నుండి చర్మం, మెదడు, వెన్నుపాము. నడిమి పొర నుండి ఎముకలు, కండరాలు, గుండె, రక్తం. కింది పొర నుండి పేగులు, ఊపిరితిత్తుల లోపొర. పేగు మొదట గొట్టంగా ఉండదు. చదునుగా పరిచిన పొర అంచులు ముడుచుకుని గొట్టమవుతుంది. మెదడూ అంతే.

గుండె కథ ఇంకా వింతైనది. అది మొదట కుడి ఎడమల రెండు సన్నని గొట్టాలు. అవి నడుమకు జరిగి ఒకటై గుండె అవుతుంది. వాటిని కలవకుండా అడ్డుకుంటే ఆ పిండంలో రెండు గుండెలు వేరువేరుగా కొట్టుకుంటాయని శాస్త్రజ్ఞులు చేసి చూశారు. రెండో రోజు ముగియకముందే అది కొట్టుకోవడం మొదలవుతుంది. మూడో రోజుకు కాళ్ళూ రెక్కలూ రావలసిన చోట మొటిమల్లా చిన్న బుడిపెలు లేస్తాయి. కాలివేళ్ళు మొదట విడిగా ఉండవు, ఒక తెడ్డులా ఉంటాయి. ఆ తెడ్డులో వేళ్ళ నడుమనున్న కణాలు వాటంతటవే చనిపోతాయి. అప్పుడు వేళ్ళు విడివడతాయి. బాతులో ఆ చావు చాలా తక్కువ. అందుకే బాతు కాలికి పొర మిగిలింది, అది ఈదగలుగుతుంది. పుట్టకముందే కొంత చావు ఉంటే తప్ప కాలు కాలుగా తయారు కాదన్న మాట! మన చేతివేళ్ళు కూడా ఇలా విడివడినవే.

పెంకుకు కంటికి కనిపించని వేలాది రంధ్రాలుంటాయి. వాటి గుండా గాలి లోపలికి వెళుతుంది, చెడుగాలి బయటికి వస్తుంది. పంతొమ్మిది, ఇరవయ్యో రోజున పిల్ల ముక్కుతో లోపలి పొరను చీల్చి, గుడ్డు మొద్దు కొసనున్న గాలి అరలో మొదటిసారి ఊపిరితిత్తులతో శ్వాస తీసుకుంటుంది. పెంకు లోపలి నుండే కీచుమంటుంది. పైనున్న తల్లి బదులు పలుకుతుంది. మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుని బయటికి వస్తుంది గనుక మొదటి రెండు మూడు రోజులు మేత లేకపోయినా బతుకుతుంది. పెంకు పగలగొట్టడానికి ముక్కు మీద మొలిచిన చిన్న ముల్లు పని అయిపోగానే రాలిపోతుంది.

దీన్ని మొదట వరుసగా గమనించి రాసినవారిలో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఒకడు. రోజుకొక గుడ్డు పగలగొట్టి చూస్తే మూడో రోజు గుండె రక్తపు చుక్కలా కదులుతూ కనిపిస్తుందని ఆయన రాశాడు. అంటే ఇరవై మూడు వందల ఏళ్ళ క్రితం ఆయన చూసిందే మా పెరట్లో మావాడు చూశాడు. తర్వాత 1651లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే, 1673లో ఇటలీకి చెందిన మాల్పీగీ కోడి పిండం గురించి రాశారు. అప్పటి నుండి ఒక పెద్ద వాదం నడిచింది. అతి చిన్న పిల్ల అన్ని అవయవాలతో మొదటే లోపల మడతపెట్టి ఉందని, అది పెద్దదవుతుందే తప్ప కొత్తగా తయారయ్యేదేమీ లేదని కొందరన్నారు. అలా అయితే ఆ పిల్లలో దాని గుడ్లు, ఆ గుడ్లలో మళ్ళీ పిల్లలు, ఇలా ప్రపంచం అంతమయ్యే దాకా రావలసిన కోళ్ళన్నీ మొదటి కోడిలోనే ఉండి ఉండాలి. కాదు, ఏ ఆకారమూ లేని దాని నుండి ఒక్కొక్క అవయవం కొత్తగా ఏర్పడుతుందని ఇంకొందరన్నారు. 1759లో వుల్ఫ్ అనే జర్మన్ యువకుడు కోడి పిండాన్ని చూపించి ఈ రెండో మాటను నిలబెట్టాడు.

అయితే ప్రశ్న అంతటితో తీరలేదు. 1888లో విల్‌హెల్మ్ రూ, కప్ప పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడు ఒక కణాన్ని కాల్చిన సూదితో చంపాడు. మిగిలినది సగం పిండమే అయింది. యంత్రంలో సగం తీసేస్తే సగమే పనిచేస్తుంది, పిండమూ యంత్రమే అనుకున్నారు. మూడేళ్ళకు హాన్స్ డ్రీష్ సముద్రపు ముళ్ళ ప్రాణి పిండంలో ఆ రెండు కణాలను పూర్తిగా విడదీశాడు. సగం సగం రాలేదు. ప్రతి కణం నుండి చిన్నదైనా సంపూర్ణమైన పిండం వచ్చింది! రూ ప్రయోగంలో చచ్చిన కణం అంటుకునే ఉండటం వల్ల బతికిన కణం తాను ఒంటరినని తెలుసుకోలేకపోయింది. కోడి బిళ్ళనైనా పొదగక ముందే ముక్కలుగా కోస్తే ముక్కకొక పిండం ఏర్పడగలదు. 1924లో హాన్స్ స్పీమాన్, ఆయన శిష్యురాలు హిల్డే మాంగోల్డ్ ఒక నీటిబల్లి పిండం నుండి చిన్న ముక్క తీసి మరో పిండానికి అతికించారు. ఆ ముక్క చుట్టుపక్కల కణాలను కూడగట్టుకుని అక్కడ రెండో వెన్ను, రెండో తల తయారుచేసింది. స్పీమాన్‌కు 1935లో నోబెల్ బహుమతి వచ్చింది. మాంగోల్డ్ మాత్రం ఆ ఫలితం అచ్చయిన ఏడాదే అగ్ని ప్రమాదంలో పసిబిడ్డను వదిలి కన్నుమూసింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన మనసులో తెలియకుండానే రెండు తప్పుడు బొమ్మలున్నాయి. పిండమంటే చిన్న సైజు పిల్ల అన్నది ఒకటి. పిండమంటే ఉత్త మాంసపు ముద్ద అన్నది రెండోది. గుడ్డు ఈ రెండింటినీ కాదంటుంది. మొదటి రోజు అందులో పిల్ల లేదు. పిల్ల బొమ్మ గీసిన కాగితం కూడా లేదు. ఒక్కో కణం పక్కనున్న కణాన్ని అడిగి, చెప్పించుకుని తన పని తెలుసుకుంటుంది. అలాగని అది పిల్ల వైపు నడవని క్షణం కూడా లేదు. ‘ఇదిగో, ఈ నిమిషం నుండి పిల్ల’ అని గీత గీయడానికి ఎక్కడా చోటు దొరకదు.

ఇక్కడ ఒక మాట. దివ్య ఖుర్‌ఆన్‌లో ‘అల్ మోమినూన్’, ‘అల్ హజ్’ సూరాలలో మనిషి పుట్టుక దశల ప్రస్తావన ఉంది. దాన్ని చూపించి, సూక్ష్మదర్శిని కనిపెట్టక ముందే ఇవన్నీ చెప్పబడ్డాయని సభల్లో చప్పట్లు కొట్టించేవారున్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ ఆయతులు మనల్ని అడిగేది చప్పట్లు కాదు. ఏమీ కాని స్థితి నుండి వచ్చినవాడివి, ఎందుకీ అహంకారం అని అవి అడుగుతున్నాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పాఠ్యపుస్తకంతో పోలికలు చూసుకుని సంతోషించడం తేలిక.

ఇక ధర్మశాస్త్రం ఈ గీత లేనితనాన్ని ఎలా ఎదుర్కొన్నదో చూడండి. పల్లెలో పుంజు తిరిగే పెరట్లో పెట్టిన గుడ్డులో ఒక రోజు పిండం ఉన్నా, దాన్ని జిబహ్ చేయనక్కరలేదు, తినవచ్చు. అదే ఏర్పడిన పిల్ల చచ్చి ఉంటే అది చచ్చిన జంతువు. జిబహ్ చేసిన మేక కడుపులో చచ్చిన పిల్ల ఉంటే ఏమిటి? తల్లి జిబహ్ పిల్లకూ వర్తిస్తుందన్న హదీసును బట్టి ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ దాన్ని హలాల్ అన్నారు. ఇమామ్ అబూ హనీఫా ఒప్పుకోలేదు. దాని ప్రాణం దానిది, తల్లి మెడ మీద కత్తి దాని మెడ మీద కత్తి కాదన్నట్టు ఆయన అభిప్రాయం. ఆయన సొంత శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ ఈ విషయంలో గురువుతో విభేదించారు. తల్లిలో ఉన్నది తల్లిలో భాగమా, వేరే ప్రాణమా? మన కాలపు చర్చ అనుకుంటున్న దాన్ని వారు పన్నెండు వందల ఏళ్ళ క్రితమే ఒక మేకపిల్ల దగ్గర చర్చించారు.

మనిషి పిండం విషయంలో ఇంకా జాగ్రత్త కనిపిస్తుంది. తండ్రి చనిపోతే కడుపులోని బిడ్డ కోసం ఆస్తిలో వాటా ఆపి ఉంచాలి. గర్భవతి మీద దెబ్బ పడి పిండం పోతే పరిహారం చెల్లించాలని దైవప్రవక్త (సల్లం) తీర్పు చెప్పారు. అయితే ఆ పరిహారం పూర్తి మనిషి రక్తపరిహారం కాదు, అందులో ఇరవయ్యో వంతు. అంటే ఏమీ కాదనీ అనలేదు, పూర్తి మనిషనీ అనలేదు. నూట ఇరవై రోజుల మాట బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసును ఆధారం చేసుకున్నది. నలభై రెండు రాత్రుల ప్రస్తావన ఉన్న హదీసు కూడా ముస్లింలో ఉంది. మాలికీ ధర్మవేత్తల్లో ఎక్కువమంది నలభై రోజుల లోపు కూడా గర్భస్రావాన్ని అనుమతించలేదు. హనఫీల్లో కొందరు నూట ఇరవై రోజుల లోపు అనుమతించినా, కారణం ఉండాలని చెప్పినవారున్నారు. చంటిబిడ్డకు తల్లి పాలు ఆగిపోవడం, పాలిచ్చే దాదిని పెట్టుకునే స్తోమతు తండ్రికి లేకపోవడం వారు చెప్పిన ఉదాహరణ. ఆ ఉదాహరణను జాగ్రత్తగా గమనించండి. అక్కడ తూకంలో ఉన్నది ఇంకో బిడ్డ ప్రాణం. ఇమామ్ గజాలీ (1111లో మరణించారు) ‘ఇహ్యా’లో ఈ విషయాన్ని మెట్లు మెట్లుగా చెప్పారు: బీజాలు కలిసినప్పుడే దాన్ని పాడుచేయడం నేరం, అది ముందుకు సాగిన కొద్దీ నేరం పెరుగుతుంది, పుట్టిన తర్వాత అన్నిటికంటే ఘోరం. పిండం పెరిగినట్టే దానిపట్ల మన బాధ్యత కూడా రోజురోజుకూ పెరుగుతుందన్న మాట. గుడ్డులో నేను చూసిన దానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు.

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. గీత లేదు గనుక మొదటి రోజుకూ నూరో రోజుకూ తేడా లేదని ఒకరంటారు. తేడా లేదు గనుక ఎప్పుడైనా తీసేయవచ్చని అదే వాదంతో ఇంకొకరంటారు. తెల్లవారుజాము ఏ నిమిషాన పగలైందో ఎవరూ చెప్పలేరు. అంతమాత్రాన అర్ధరాత్రీ మిట్టమధ్యాహ్నమూ ఒకటి కావు. మనిషి పిండం మొదటి రెండు వారాల్లో విడిపోయి కవలలు కాగలదు. అప్పటికి అది ‘ఒకరు’ అని కూడా చెప్పలేం. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ పిండం మీద పరిశోధనలకు పద్నాలుగు రోజుల హద్దు పెట్టడానికి ఇది ఒక కారణం. అది మనుషులు పెట్టుకున్న హద్దు. హద్దు అవసరమే. కానీ హద్దుకు ఇవతల ఉన్నదంతా విలువలేనిదని ఆ కమిటీ కూడా అనలేదు.

వంద రోజుల లెక్కతో వచ్చిన ఆ సోదరుడికి నేను చెప్పింది చాలా తక్కువ. ‘‘మీ భార్యకు ప్రాణాపాయం ఉందా? డాక్టరు ఏమైనా చెప్పారా?’’ అని అడిగాను. లేదన్నాడు. ‘‘మగపిల్లవాడని తెలిసి ఉంటే ఈ నూట ఇరవై రోజుల లెక్క మీకు గుర్తొచ్చేదా?’’ ఆయన మాట్లాడలేదు. వందో రోజుకు ఆ బిడ్డ గుండె రెండు నెలలకు పైగా కొట్టుకుంటూనే ఉంది, వేళ్ళు విడివడి ఉన్నాయి, కాళ్ళు కదుపుతోంది. రూహ్ ఎప్పుడన్నది అల్లాహ్‌కే తెలుసు. ఆడపిల్లను సజీవంగా పాతిపెట్టిన తండ్రులను నిలదీసే రోజు గురించి ‘అత్తక్వీర్’ సూరాలో చదువుతాం. ఆ తండ్రులు కూడా తమకొక కారణం ఉందనే అనుకున్నారు. లింగ నిర్ధారణ చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరమన్నది తర్వాతి మాట. ధర్మవేత్తలు ఇబ్బందుల్లో ఉన్నవారికి తెరిచిన తలుపును ఆడపిల్ల వద్దనుకునేవాడు వాడుకోవచ్చునని ఏ ఇమామూ చెప్పినట్టు నేను వినలేదు. ఆయన సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ఏం చేశాడో అప్పట్లో తెలియలేదు. ఈ మధ్య మసీదు మెట్ల దగ్గర కనిపించి, ఆడపిల్ల పుట్టిందని, అఖీఖాకు రమ్మని పిలిచాడు.

మావాడికి జవాబు చెప్పడం ఇంతకంటే కష్టమైంది. అట్టులోని గుడ్డూ వాడు పగలగొట్టిన గుడ్డూ ఒకటి కావని చెప్పాను. మొదటిది ఆగి ఉంది, తినడానికి మనకు అనుమతి ఉంది. రెండోదాని గుండె కొట్టుకుంటోంది, దాని తల్లి దాని మీద కూర్చుని ఉంది, నువ్వు తినడానికి కూడా తీయలేదు. ఒక ప్రయాణంలో ఒకాయన పిట్ట గుడ్డు తీసుకుంటే ఆ పిట్ట వచ్చి దైవప్రవక్త (సల్లం) తల మీద రెక్కలు కొట్టుకుంటూ తిరిగిందట. దీన్ని బాధపెట్టింది ఎవరని ఆయన అడిగి, దాని మీద దయతో గుడ్డు తిరిగి పెట్టించారు. ఇమామ్ బుఖారీ ‘అల్ అదబుల్ ముఫ్రద్’లో ఈ సంగతి ఉంది. అక్కడ గుడ్డు లోపల ఏ దశ ఉందని ఎవరూ అడగలేదు. మావాడు అంతా విని, ‘‘అయితే నేను చంపినట్టేనా?’’ అన్నాడు. నువ్వు పెద్దవాడివి కావు, నీకు తెలియదు అన్నాను. తెలిసి ఉంటే చంపినట్టేనా అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను.

ఇరవై ఒకటో రోజు తొమ్మిది పిల్లలు బయటికి వచ్చాయి. పదో గుడ్డు అలాగే ఉండిపోయింది. అందులో పిల్ల చచ్చిందా, మొదటి నుండీ మొదలే కాలేదా అని వాడు అడిగాడు. అమ్మ ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి గుడ్డును మెల్లగా అందులో వదిలింది. లోపల ప్రాణముంటే గుడ్డు కదులుతుందని చెప్పింది. వాడు గిన్నె అంచున గడ్డం ఆనించి కూర్చున్నాడు. చాలాసేపు చూశాం. తర్వాత నేను అస్ర్ నమాజుకు లేచాను. వాడు మాత్రం లేవలేదు, ‘‘ఇంకాసేపు చూద్దాం దాదీ’’ అంటున్నాడు.